అల్లుడుగారి పనసపొట్టు కూర

అత్తగారు మాణిక్యం కూర గిన్నెతో వంటింట్లోంచి రావడం చూడగానే వెంకటకృష్ణ గుండె జారిపోయింది.

పనసపొట్టు కూర. అదీ ఆవ పెట్టింది. గిన్నె ఇంకా గడప దాటలేదు, ఘాటు మాత్రం అప్పుడే అతని ముక్కుపుటాల్లోకి ఎక్కేసింది.

మాణిక్యం విస్తరి ముందు గిన్నె దింపి, "మొదలెట్టకండి బాబూ, నెయ్యి కాచి తెస్తాను" అంటూ మళ్ళీ లోపలికి వెళ్ళింది.

వెంకటకృష్ణ గొంతు తగ్గించి, మంచినీళ్ళ గ్లాసు పెడుతున్న భార్యతో, "మళ్ళీ అదే చేసేరే!" అన్నాడు.

"ష్! అమ్మ వింటుంది" అంది విజయదుర్గ.

"విననీ. ఇవాళ చెప్పేస్తాను. ఎనిమిదేళ్ళ నుంచీ మీ ముక్తేశ్వరం వచ్చినప్పుడల్లా ఇదే శిక్ష. పెళ్ళయిన కొత్తలో, మొహమాటానికి ఒక్కసారి బాగుందన్న పాపానికి!"

"అమ్మ బాబోయ్! అంత పని చెయ్యకండి. అల్లుడికి నా వంట నచ్చలేదని మంచం పట్టేస్తుంది."

"పోయినసారి కడుపులో మంట, డాక్టరు వద్దన్నాడని అంటే నువ్వే కదా చెడగొట్టేవు? 'ఒక్క పూటకి ఏం కాదులే, వెయ్యమ్మా' అన్నావు."

"అమ్మ మొహం చూసేరా అప్పుడు? ఏడుపొక్కటే తక్కువ. నా మాట వినండి, మనం కాశీ వెళ్దాం."

"కాశీయా! ఎందుకూ?"

"కాశీ వెళ్ళినవాళ్ళు ఓ కాయ వదిలెయ్యాలి కదండీ. మీరు పనసకాయ వదిలేసేనని చెబుదురుగాని. దేవుడి పేరు చెబితే అమ్మ మారుమాట్లాడదు."

"ఎప్పుడు వెళ్తాం?"

"పిల్లాడి పరీక్షలు అవనీండి. లేకపోతే పై ఏడాది చూద్దాం. ఈలోగా ఎలాగో మింగెయ్యండి" అనేసి విజయదుర్గ పెరుగు తెచ్చే మిషతో లోపలికి వెళ్ళిపోయింది.

వెంకటకృష్ణ గిన్నె వంక చూస్తూ కూర్చున్నాడు. రాజోలు బస్టాండు దగ్గర అతనికి టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. బొమ్మ రావడం లేదంటూ ఎవరు టీవీ మోసుకొచ్చినా, ముందు ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూస్తాడు. సగం టీవీలు అక్కడే బాగైపోతాయి. ఆ తరవాతే స్క్రూడ్రైవరు తీస్తాడు. అలాంటివాడు అత్తగారితో ఒక్క ముక్క చెప్పలేక కాశీ దాకా పోవడమా? ఒక్క కూర కోసం రెండు రోజులు రైల్లో కూర్చోవడమా?

మాణిక్యం నెయ్యి గిన్నెతో వచ్చింది. అన్నం మీద ధారగా నెయ్యి పోసి, కూర గరిటె నిండా ఎత్తింది.

వెంకటకృష్ణ రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టేశాడు.

"ఏవండీ అల్లుడుగారూ, ఏమైందండీ?"

"అత్తయ్యగారూ, మీరేం అనుకోకూడదు."

"ఆయ్, చెప్పండి."

"నాకు... అంటే... మీ వంటకి వంక పెడుతున్నానని కాదండీ. మీ చేతి పులుసుకి దండం పెట్టాలి. పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ..." కళ్ళు మూసుకున్నాడు. "నాకు పనసపొట్టు కూరంటే అస్సలు ఇష్టం లేదండీ!"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది. వెంకటకృష్ణ నెమ్మదిగా ఒక కన్ను తెరిచాడు.

మాణిక్యం కళ్ళనిండా నీళ్ళు.

అయిపోయింది, అనుకున్నాడు. మంచం పట్టేసినట్టే. మామగారు చేలోంచి వచ్చి ఏమంటాడో! ఇక ఈ గడప తొక్కడం కల్ల.

ఆవిడ గరిటె గిన్నెలో పడేసి, అతని ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"నిజవేనా బాబూ?"

"క్షమించండి అత్తయ్యగారూ."

"క్షమించడం ఏవిటండీ, మీరు చల్లగా ఉండాలి!" అని రెండు అరచేతులూ చాపింది. వేళ్ళ సందుల్లో నల్లటి జిగురు మరకలు. "చూడండి నా అవస్థ. లేత కాయ కోసం తెల్లారకుండా మీ మావయ్యగారు సైకిలేసుకుని ఊళ్ళన్నీ తిరగాలి. అది కొట్టేసరికి నా భుజాలు పడిపోతాయి. ఈ జిగురు ఎంత నూనె రాసినా నాలుగు రోజులు వదలదు. పోనీ మేం తింటామా అంటే, నాకు ఆవ పడదు, ఆయనకి పనస పడదు. మీరు వస్తున్నారంటే సంతోషం ఒక పక్క, ఈ కాయ బెంగ ఒక పక్క!"

వెంకటకృష్ణకి నవ్వాగలేదు. ఎనిమిదేళ్ళ బరువు ఒక్క మాటతో దిగిపోయింది. ఎంత సులువు! ఇన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదా అని తనని తనే తిట్టుకున్నాడు.

"తప్పు నాదేనండీ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మొహమాటానికి బాగుందన్నాను. దాన్ని పట్టుకుని మీరు..."

"మీరెప్పుడన్నారండీ? నాకసలు గుర్తే లేదు" అంది మాణిక్యం ఆశ్చర్యంగా. "మీరు బయల్దేరే ముందు ప్రతిసారీ అమ్మాయే కదండీ పక్కింటికి ఫోన్ చేసి, 'ఆయనకి పనసపొట్టు కూర లేకపోతే ముద్ద దిగదమ్మా' అని మరీ మరీ చెబుతుంది! అల్లుడుగారు అడిగేక చెయ్యకుండా ఎలా ఉంటాను?"

వెంకటకృష్ణ తల తిప్పి వంటింట్లోకి చూశాడు. పొయ్యి వారగా పీట వేసుకుని, ఒళ్ళో ఇంకో గిన్నెడు పనసపొట్టు కూర పెట్టుకుని, ఆవ ఘాటుకి కారుతున్న కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ, విజయదుర్గ ఆనందంగా తింటోంది.