చివరి బెంచీలో ఇద్దరు

ప్రభువు బల్ల రొట్టె పళ్లెం చర్చిలో చివరి బెంచీ దాకా వచ్చి, ముట్టుకునేవాళ్లు లేక వెనక్కి వెళ్లిపోయింది.

ఆ బెంచీకి ఒక కొసన వెల్డరు. రెండో కొసన, చర్చి తుడిచే ముసలాయన. బెంచీల తాత అనేవారు. అసలు పేరేమిటో, ఎక్కడివాడో ఎవరూ అడగలేదు.

"ఏం తాతా, నీకూ పగవాడున్నాడా?" అన్నాడు వెల్డరు.

"ఒకాయనతో సమాధానపడాలి బాబూ. అందాకా ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యను."

"ఆస్తి తగాదానా?"

"అంతకంటే పెద్దది."

"పోయి కాళ్లు పట్టుకో, అయిపోతుంది."

"పట్టుకోనిస్తాడో, తంతాడో."

వెల్డరు నవ్వాడు. తన సంగతి దాచుకునే రకం కాదు. తాగిన మైకంలో ఒకడు అతని తమ్ముణ్ణి పొడిచి చంపాడు. అప్పుడతను దూరపు ఊళ్లో పనిలో ఉన్నాడు. వాడి మొహం చూడలేదు, పేరొక్కటే తెలుసు. వాడు జైలు నుంచి బయటికొచ్చాడని విన్న రోజే ఇనప పట్టీ ఒకటి కత్తిలా సానబట్టి, దాని మీద ఆ పేరు ఉలితో చెక్కి, షాపు తలుపు వెనక పెట్టుకున్నాడు. వాడి లెక్క తేలేదాకా రొట్టె ముట్టనని ఒట్టు.

"ఇవాళ వాడు ఎదురుపడితే?" అడిగాడు తాత.

"ఇవాళే పొడుస్తా."

తాత తల ఊపి, గుడ్డ తీసుకుని బెంచీలు తుడవడానికి లేచాడు.

బల్ల ఉన్న ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు.

మెల్లగా తాత షాపుకు కూడా రావడం మొదలుపెట్టాడు. ఓ మూల కూర్చుని తమ్ముడి గురించి అడిగేవాడు. ఎలా నవ్వేవాడు, ఏం పాట పాడేవాడు, పెళ్లి కుదిరిందా. వెల్డరు చెబుతుంటే నేల చూస్తూ వినేవాడు.

ఒకరోజు తాగినవాడొకడు షాపుకొచ్చి, తన గేటు ఇంకా కాలేదని, ఎదురుగా ఉన్న తాత చెంప పగలగొట్టాడు. తాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సుత్తి ఎత్తిన వెల్డరుకు అడ్డం కూడా వచ్చాడు.

"నీకు రోషం లేదా తాతా?"

"ఉంది. ఒకసారి దాని గొలుసు విప్పాను. చాలు."

ఆ వచ్చిన ఆదివారం తాత మళ్లీ అడిగాడు.

"ఇవాళ ఎదురుపడితే?"

వెల్డరు అరచేతిలోని కాలిన మచ్చ గోక్కున్నాడు.

"ఏమో తాతా. ముందు మొహం చూడాలి."

తాత గబుక్కున ఇటు తిరిగాడు.

"ప్రార్థనయ్యాక నీతో ఒక మాట ఉంది బాబూ."

ప్రార్థన అయ్యేసరికి ఎవరిదో షట్టరు ఇరుక్కుపోయిందని కబురొచ్చింది.

"రేపు చెబుదువులే తాతా" అంటూ వెల్డరు పరుగెత్తాడు.

మర్నాడు తాత నిద్ర లేవలేదు.

సమాధికి సిలువ తనే చేస్తానన్నాడు వెల్డరు. తలుపు వెనక పట్టీ తీశాడు. మొన కోసేశాడు. ఇంత మంచి మనిషి నెత్తిన ఆ నీచుడి పేరెందుకని గ్రైండరు పెట్టాడు.

"నీ పేరు మీద సమాధి కూడా లేవకూడదురా" అని తిడుతూ, పట్టీ నున్నగా అయ్యేదాకా అరగదీశాడు. రవ్వలు చెయ్యి కాల్చినా ఆపలేదు. తర్వాత దాన్ని సిలువకు అడ్డపట్టీగా అతికాడు.

సాయంత్రం సమాధి దగ్గర పాస్టరు గారిని అడిగాడు.

"ఏ పేరు వెయ్యమంటారు అయ్యగారూ? బెంచీల తాత అని వేస్తే బాగోదు కదా."

పాస్టరు గారు బైబిలు మూసి అతని పక్కకొచ్చారు.

"నీకు నేను చెప్పకూడదని మాట తీసుకున్నాడు నాయనా. తానే చెప్పుకుంటానన్నాడు."

అప్పుడు పేరు చెప్పారు.

వెల్డరు చేతిలోని సిలువ వంక చూశాడు; పొద్దున తాను గ్రైండరు పెట్టి చెరిపేసిన పేరే అది.