పెడల్ కింద

"నా కారుకి ఎవరో ఏదో చేశారు," అన్నాడాయన, హెల్మెట్ తీసి బల్లమీద పడేస్తూ. "బయటివాళ్ళు కాదు. దగ్గరివాళ్ళే. ఇవాళ అదేదో తేల్చి పారేస్తాను."

పందేల మైదానం పక్కనున్న ఆ రేకుల షెడ్డులో ఉన్నది ముగ్గురే. ఆయన, తడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య, ఆ కారు మరమ్మతులన్నీ చూసే ఆమె తమ్ముడు. దగ్గరివాళ్ళు అన్న మాట చెవిన పడగానే ఆమె తమ్ముడి వైపు చూసింది.

వారమంతా కళ్ళద్దాల షాపులో కూర్చుని జనం ముక్కులకు ఫ్రేములు సరిచేసే పెద్దమనిషికి, నలభై దాటాక కార్ల పందేల పిచ్చి పట్టింది. పాత కారొకటి కొని, వెనక సీట్లు పీకించి, లోపల ఇనప గొట్టాలు బిగించి, ఆదివారం వచ్చిందంటే ఇక్కడ వాలిపోతున్నాడు. దిగిన ప్రతి పందెంలోనూ ఆఖరే. ఇవాళైతే మొన్నమొన్న పందేల్లో చేరిన పళ్ళ డాక్టరమ్మ కూడా ఆయన్ని దాటేసింది. దాటేస్తే దాటేసింది, చెయ్యి ఊపి మరీ పోయింది. అదీ ఆయన మంట.

అనుమానం మొదట టైర్లు అమ్మినవాడి మీద పడింది. వాడు పాత సరుకు అంటగట్టి ఉంటాడన్నాడు. తరవాత పెట్రోలు బంకు మీద పడింది. కాసేపటికి, పళ్ళ డాక్టరమ్మ మొగుడు పొద్దున షెడ్డు చుట్టూ ఎందుకు తచ్చాడాడో చెప్పమన్నాడు. అలా ఊరంతా తిరిగి తిరిగి చివరికి బావమరిది దగ్గర ఆగింది.

"ఈ కారు మీద చెయ్యి వేసేది నువ్వొక్కడివేగా?"

తమ్ముడు గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నేల చూపులు చూశాడు. తనకోసమే వాడు మాట పడుతున్నాడని ఆమెకు తెలుసు.

చేయించింది ఆమే మరి. ఎముకల ఆసుపత్రిలో, విరిగి అతికిన కాళ్ళకు మళ్ళీ నడక నేర్పే ఉద్యోగం ఆమెది. మొదటి పందెంలో మలుపు దగ్గర ఆయన కారు జారి గిర్రున తిరగడం చూసి ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే తమ్ముణ్ణి పిలిచి, యాక్సిలరేటర్ పెడల్ కింద అడ్డు తగిలేలా ఒక బోల్టు బిగించమంది. బావ ఎంత తొక్కినా పెడల్ సగానికి మించి దిగకూడదు. వాడు తల గోక్కుని, అలాగేలే అక్కా అన్నాడు. అప్పటినుంచీ ఆయన ఆఖర్న వచ్చినప్పుడల్లా పైకి మొహం వేలాడేసి, లోపల హమ్మయ్య అనుకునేది.

ఇప్పుడు ఆయన బానెట్ ఎత్తాడు. ఫిల్టర్ విప్పించాడు. ప్లగ్గులు ఊడబీకించి కళ్ళద్దాలు పైకీ కిందకీ చేసుకుని చూశాడు. వైర్లన్నీ వేలితో తడిమాడు. డిక్కీ తీసి వాసన కూడా చూశాడు. ఎక్కడా ఏమీ దొరక్క, డ్రైవరు వైపు తలుపు తెరిచి సీట్లో కూలబడ్డాడు.

ఆయన కాళ్ళు సరిగ్గా ఆ పెడల్ దగ్గరే ఉన్నాయి. కాస్త తల వంచితే చాలు, అంతా బయటపడుతుంది. ఆమె చేతిలోని తువ్వాలును తనకు తెలియకుండానే పిండేసింది. నీళ్ళు చెప్పుల మీద పడ్డాయి.

ఆయన తల వంచలేదు. నేరుగా ఆమె మొహంలోకి చూశాడు.

"నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందండీ?" అంది.

ఆయన ఆమెను చూశాడు, వాణ్ణి చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. తరవాత కారు దిగి, రేపటినుంచి ఈ కారు వేరే మెకానిక్ చూస్తాడనీ, ఇంటివాళ్ళే ముంచితే తను చేయగలిగింది ఇంతేననీ అన్నాడు. బావమరిది ఇక ఈ ఛాయలకు రానక్కర్లేదన్నాడు. ఆ మాట అని, బయట టీ తాగుతున్న తోటి పందెగాళ్ళ దగ్గరికి వెళ్ళి, తనకు జరిగిన మోసం గురించి అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతమంది ముందు వాడికి మోసగాడన్న పేరు వస్తుంటే, తను నోరు మూసుకుని నిలబడింది. ఆ నలుగురే కదా రేపు వాడికి తమ కార్లు మరమ్మతుకు ఇవ్వాల్సినవాళ్ళు. తువ్వాలు బల్లమీద గిరాటేసి గుమ్మం వైపు నడిచింది.

తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడికక్కా?"

"నేనే చేయించానని ఆయనకి చెప్పేస్తా. నన్నేమన్నా పడతాను."

"వద్దు. బావ పరువు పోతుంది."

"ఇక్కడ నీ పరువు గంగలో కలుస్తుంటే బావ పరువేమిట్రా? నా మాట విని ఆ బోల్టు బిగించినందుకేగా నీకీ తిప్పలు?"

వాడు బయటికోసారి తొంగిచూశాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు బాగా తగ్గించాడు.

"నేనెక్కడ బిగించానక్కా? నువ్వు చెప్పిన మర్నాడే బోల్టు పట్టుకుని వచ్చాను. వచ్చేసరికి బావ స్టీరింగు కిందికి దూరి, ఎవరూ చూడకుండా మనదానికన్నా పొడుగు బోల్టు తనే బిగించుకుంటున్నాడు."