స్వామి వారి డ్యూటీ

శారదాంబ మళ్లీ అదే అడిగింది.

"మూఢంలో ఆపరేషన్ చేయించుకోవచ్చా స్వామీ?"

స్వామి నిట్టూర్చాడు. చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

స్వామి అసలు పేరు శ్రీపతి. ఒకప్పుడు కాకినాడలో ఫిజిక్స్ లెక్చరర్. భార్య బిందుమాధవికి సిడ్నీలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. ఇక్కడి కాలేజీలు ఆయన డిగ్రీని ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో తిరిగిచ్చేశాయి. చివరికి సిడ్నీలోనే పారమట్టా అనే పేటలో ఓ చిన్న కంపెనీ ఆదరించింది. వాళ్ల యాప్‌లో స్వామిని ఏ సందేహమైనా అడగొచ్చు. జవాబు చెప్పేది మెషీన్ అని ప్రకటన. ఆ మెషీన్‌కి తెలుగు ఇంకా ఒంటబట్టలేదు. ఒంటబట్టేదాకా శ్రీపతే చెబుతున్నాడు. దేవుడంటే నమ్మకం లేని మనిషి దొరికాడు దేవుడి డ్యూటీకి.

"అంకుల్, స్వామి అంటే సినిమాలో దేవుడి లెక్క మాట్లాడాలె. పబ్లిక్‌కి తెలిసిన దేవుడు ఆయనే," అన్నాడు మొదటిరోజే దీపక్. కంపెనీ అతనిదే. హైదరాబాద్ కుర్రాడు.

శ్రీపతికి ఒళ్లు మండింది. తెర మీద కిరీటం కనబడితే హారతిచ్చే జనమంటే ఆయనకు మొదటినుంచీ చిరాకు. సైన్సంతా మన పురాణాల్లోనే ఉందని పొద్దున్నే ఫార్వర్డ్ చేసేవాళ్లంటే మరీ చిరాకు. అయితే చిరాకు కూడు పెట్టదు. "వత్సా" అని టైపు చేయడం నేర్చుకున్నాడు.

మిగతా భక్తులు ఇక్కడే ఉండిపోయే పీఆర్ వీసా ఎప్పుడొస్తుంది, ఇల్లు ఎప్పుడు కొంటాం అని అడిగి మాయమవుతారు. శారదాంబ అలా కాదు. ఎడ్మండ్‌సన్ పార్కు అనే పేటలో కొడుకు దగ్గర ఉంటానంది. కోడలు ఉప్మాలో ఉప్పు మరిచిన సంగతి, సీరియల్లో అమ్మవారు ఏడ్చిన సంగతి, అన్నీ చెప్పేది. ఏం చెప్పినా, "అర్థం కాలేదు స్వామీ, ఇంకోలా చెప్పండి" అనేది. అన్నేళ్లు పాఠాలు చెప్పినా అలా అడిగిన విద్యార్థి ఒక్కడూ తగల్లేదు. విసిగిపోయిన ప్రాణానికి ఆవిడ మాటలే కాస్త ఊరట.

ఇప్పుడు ఆవిడ గుండెకు ఆపరేషన్. గురువారమే చెయ్యాలి, ఆలస్యమైతే ప్రమాదం అన్నాడట డాక్టరు. శుక్ర మూఢం వెళ్లాకే అంటుంది ఆవిడ. కొడుకు అరిచి అరిచి ఊరుకున్నాడట. ఇక స్వామి మాటే మిగిలింది.

స్వామికేమో కంపెనీ రూలు ఒకటుంది. భక్తుల నమ్మకానికి ఎదురు చెప్పకూడదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ రోజుకి, "ఆలోచించి చెబుతాను తల్లీ," అని తప్పించుకుని ఇంటికి పోయాడు.

"ఏంటలా ఉన్నావ్?" అంది బిందుమాధవి, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

"ఓ పెద్దావిడ ప్రాణం మీదికి తెచ్చుకుంటోంది. నేను నోరు మూసుకుని చూడాలి."

సంగతంతా విని బిందుమాధవి అంది, "పిల్లలకి మార్కులు పోతాయంటేనే ఊరుకునేవాడివి కాదు. ఇక్కడ మనిషి పోతుంటే రూలు చూస్తావేంటి?"

"ఉద్యోగం పోతుందే."

"పోతే పోనీ. అది చేసి నువ్వు బావుకున్నదేముంది? అద్దె సంగతి నేను చూసుకుంటాలే."

మర్నాడు శ్రీపతి సీట్లో కూర్చుంటూనే టైపు చేశాడు. సినిమా దేవుణ్ణి పక్కన పెట్టేశాడు.

"తల్లీ, మూఢం అంటే శుక్రుడు ఎక్కడికో పోవడం కాదు. సూర్యుడి వెలుగులో మన కంటికి ఆనడం లేదు, అంతే. పెళ్లికి ముహూర్తం ఆగుతుంది. గుండె ఆగదు. వైద్యానికి మూఢం లేదు."

"అర్థం కాలేదు స్వామీ. ఇంకోలా చెప్పండి."

"ఇంట్లో మంట అంటుకుంటే రాహుకాలం వెళ్లాక నీళ్లు పోస్తావా తల్లీ?"

శ్రీపతి తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

"నా కొడుకూ ఇదే చెప్పాడు. కసురుకుంటూ చెప్పాడు. మీరు అర్థమయ్యేలా చెప్పారు. గురువారమే చేయించుకుంటాను స్వామీ."

శ్రీపతి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సైన్సుని దేవుడి నోట పలికించాల్సి వచ్చినందుకు సిగ్గేసింది. అయినా ఈ దేశం వచ్చాక అంత సంతోషం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం దీపక్ తన గదిలోకి పిలిచాడు. శ్రీపతి అన్నిటికీ సిద్ధపడే వెళ్లాడు.

"కూర్చోండి అంకుల్. పొద్దుటి చాట్ చూసిన. రూల్ బ్రేక్ చేసిండ్రు. కానీ ఆన్సర్ మాత్రం బ్రిలియంట్."

శ్రీపతి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇంకో మాట. మండే నుంచి మెషీనే మాట్లాడుతది. తెలుగు మంచిగ వచ్చేసింది. మీ జాబ్ ఇగ... సారీ అంకుల్."

శ్రీపతికి పెద్దగా బాధనిపించలేదు. అలసటగా మాత్రం ఉంది. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఒక్కటే అడుగుతాను దీపక్. గురువారం శారదాంబ గారి ఆపరేషన్. ఆవిడ కోలుకుని ఇంటికి వచ్చేదాకా ఆవిడొక్కరికీ నన్నే జవాబు చెప్పనివ్వు. జీతమేమీ ఇవ్వక్కర్లేదు."

దీపక్ లాప్‌టాప్ మెల్లగా మూశాడు. ఆయన మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"శారదాంబ అని మనిషెవరూ లేరు అంకుల్, మీతోని మాట్లాడించి జవాబులు నేర్చుకునేందుకు మేం తయారు చేసిన మెషీనే ఆమె."