ఒకటో నంబరు ఆల్బం

ఒకటో నంబరు ఎవరికివ్వాలో తేలక కార్తీక్ పిండి గిర్నీ గుమ్మంలో నిలబడి కాళ్లు మార్చుకుంటున్నాడు.

టైము ఐదుంబావు. ఆరింటికల్లా జాబితా పంపాలి. చేతిలో ఫోను, మెడలో హెడ్‌ఫోన్లు, కాళ్ల దగ్గర ఐదు కిలోల గోధుమల డబ్బా.

"పక్కనే నిలబడి పట్టించరా. కదిలావంటే మన మంచి గోధుమలు పోయి ఎవరి పుచ్చు గోధుమల పిండో ఇంటికొస్తుంది" అని తల్లి సూర్యప్రభ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

జాబితా ఇండస్ట్రియల్ సంగీతంలో పది గొప్ప ఆల్బంలది. మోటార్ల రొద, రేకుల మీద సుత్తి దెబ్బలు, ఆవిరి బుసలు కలిపి కట్టే సంగీతం అది. సూర్యప్రభ దాన్ని "చెడిపోయిన మిక్సీ" అంటుంది.

ఇంట్లో కార్తీక్ మాటకు విలువ లేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షకు ఇది మూడో ఏడు. ఆ సంగీతం పిచ్చివాళ్ల టెలిగ్రాం గ్రూపు ఒక్కదాంట్లోనే అతనికి కాస్త పరువుంది. అదీ ఈ సాయంత్రంతో తేలిపోతుంది.

గ్రూపుకు పెద్ద దిక్కు "అన్న". ఫొటో ఉండాల్సిన చోట నల్ల చుక్క. ఎల్బీనగర్ వైపు సొంత స్టూడియో ఉందని కొందరు, జర్మనీలో చదివొచ్చాడని కొందరు. చూసినవాడు లేడు. గంటల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు, ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతాడు. ఎండాకాలంలో మాత్రం ఎందుకో తెగ రాస్తాడు. ఏటా ఒక్కరి జాబితాను ఒప్పుకుంటాడు. మూడేళ్లుగా కార్తీక్‌కు వచ్చిన జవాబు ఒకటే: సున్నా. నిన్న పెట్టిన చిత్తు జాబితా చూసి మాత్రం రెండు మాటలు రాశాడు. "ఇదే ఆఖరు."

"ఏందిరా బిడ్డా, కాళ్ల కింద నిప్పులున్నట్టు ఎగురుతున్నవ్?" గిర్నీ యాదలక్ష్మి అరిచింది. కనుబొమ్మల మీద పిండి. చెవులు మూసేలా కొంగు బిగించి చుట్టుకుంది. కొంగు కింద నుంచి ఇయర్‌ఫోన్ల తీగ వేలాడుతోంది. ఏ భక్తి పాటలో వింటోంది కాబోలు అనుకున్నాడు కార్తీక్.

"ఆంటీ, కాస్త త్వరగా కానివ్వండి. ఆరింటికి పనుంది."

"నీ ముంగట మూడు డబ్బలున్నయ్. గోధుమలేమన్న పరీక్ష రాస్తున్నయా, టైముకు లేవనీకి?"

వరసలో ఉన్న అంతయ్య కిసుక్కున నవ్వాడు.

కార్తీక్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఒకటో నంబరులో ఒసాకా బ్యాండు 'ఇనుప వాన' ఉంది. ఏడులో షెఫీల్డ్ వాళ్ల 'మూడో బాయిలర్'. ఏది విన్నా గిర్నీ మోతే. చిరాకుగా తీసేశాడు.

"ఈ మోత రెండు నిమిషాలు ఆపలేరా? ఒక్క పాట వినాలి."

"ఆపితే నీ పిండి మీ అత్త పట్టిస్తదా? ఏం పాట గది?"

"మీకు తెలియదులెండి. మెషీన్ల చప్పుళ్లతో చేస్తారు. పది ఆల్బంలు వరస పెట్టి పంపాలి."

"మెషీన్ల చప్పుడు నాకు తెల్వదా?"

"మీది ఊరికే రొద ఆంటీ. అది సంగీతం."

యాదలక్ష్మి జొన్నలు పోసి, రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఇను. నాలుగు సుట్లకొక్కసారి కుంటుతున్నది. రాయి ఒక దిక్కు అరిగింది. గా కుంటుడే లేకుంటే ఇది మిషిన్‌దా, కంప్యూటర్‌దా, ఎట్ల తెలుస్తది?"

కార్తీక్ విన్నాడు. నిజమే. మూడు నిండుగా, నాలుగోది కుంటుగా.

చటుక్కున ఫోనులో జాబితా తెరిచాడు. 'ఇనుప వాన'లో ఒక్క దెబ్బా కుంటదు, అన్నీ కొలిచి పేర్చినట్టే. 'మూడో బాయిలర్' మూతబడ్డ మిల్లులో రికార్డు చేశారు. అందులో ఏదో లోపముందని ఏడుకు నెట్టింది తనే. ఆ లోపం ఇదే!

ఠప్పున కరెంటు పోయింది. గల్లీ అంతా చెవులు గింగురుమనే నిశ్శబ్దం. యాదలక్ష్మి స్టూలు మీద కూలబడి ఫోను తీసింది. కార్తీక్ ఫోను కూడా కుయ్యిమంది.

అన్న. ఒక్క ప్రశ్న గుర్తు.

కార్తీక్ గబగబా ఏడును ఒకటికి తెచ్చాడు. 'ఇనుప వాన'ను ఏడుకు దించాడు. పంపేశాడు. అన్న చూసినట్టు టిక్కులు పడ్డాయి. జవాబు రాసేలోపే కరెంటొచ్చింది, గిర్నీ మళ్లీ అందుకుంది.

ఆరయింది. అన్న జాడ లేదు. ఆరుంబావు. కార్తీక్ ఇక నిలవలేకపోయాడు. తల్లి మాట కూడా మర్చిపోయి, డబ్బా వదిలేసి, గల్లీ దాటి ఎదురుగా కనిపించే మెట్రో పిల్లరు కిందికి వెళ్లాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. తెర వెలిగించడం, ఆర్పడం. నెత్తిమీద ఎల్బీనగర్ రైలు గర్జించుకుంటూ పోయింది. సున్నా వస్తుందేమో. సున్నా కూడా రాదేమో.

గల్లీలో గిర్నీ మోత ఆగింది.

ఫోను కుయ్యిమంది. అన్న దగ్గర్నుంచే.

"ఈయేడు లిస్టు నీదే బిడ్డా, ఏడోదాన్ని పైకి తెచ్చినవ్, గని ఆ పిల్లర్ కింద ఎగురుడు బంజేసి జల్ది ఒచ్చి నీ పిండి తీస్కపో, వేడి మీదున్నదని మూత తెరిచే పెట్టిన."