బ్యూలా నడుం నొప్పి

"బ్యూలా నడుము నేనే స్వయంగా పరీక్షించాను మేడమ్," అన్నాడు డాక్టరు.

దొంగదారి పట్టే మందుల మీద కూపీ లాగే అధికారిణి వెర్లా తలూపింది. ఆయన రాసే నొప్పిబిళ్ళలు ఆ కెంటకీ కొండల్లో సంతలో కూరగాయల్లా అమ్ముడవుతున్నాయి. మొన్ననే ఇద్దరు కుర్రాళ్ళు వాటిని మింగి చావు తప్పి బయటపడ్డారు.

"ఆవిడ ఏమైనా చెప్పిందా?"

"చెప్పకేం! వంట చేసుకోలేకపోతున్నా, చర్చికి వెళ్ళలేకపోతున్నా అని ఒకటే ఏడుపు."

"ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చాను. ఒక్కసారి బయటికి రండి."

డాక్టరు ధీమాగానే లేచి వచ్చాడు. వెర్లా ట్రక్కు వెనకాల తగిలించిన ట్రాలీలోంచి ఓ కంచర గాడిద మెడ చాచి, ఆయన కోటు జేబు నమలడం మొదలుపెట్టింది.

"ఇదేం గోల? బ్యూలా ఏదీ?"

"మీ జేబు నములుతోందిగా! మా మామయ్య గాడిద. ఫోన్లో దాని పేరు చెప్పి, మీ క్లినిక్ కిటికీ దగ్గర డబ్బు కట్టి, మందుచీటీ తీసుకున్నది నేనే," అంటూ వెర్లా సంకెళ్ళు బయటికి తీసింది.

డాక్టరు జేబు విడిపించుకున్నాడు. తర్వాత తేరుకుని, గాడిద నడుం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"మందు ఎంత బాగా పనిచేసిందో చూశారా మేడమ్? ఎంత నిక్షేపంగా నిలబడిందో!"