వంగనంటున్న మోకాలు

"వంచు పిన్నీ!" అని అరిచింది ఫిజియోథెరపిస్టు శలాక.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకు కూలీ చంద్రభాగకు మోకాలి ఆపరేషనై ఆరు వారాలైంది. కాలు మాత్రం కర్రలా చాచే ఉంచుతోంది. చెయ్యి వేస్తే తోసేస్తోంది.

"ఇలాగే బిగుసుకుపోతే కుంటిదానివవుతావు! పాపం, నీ మొగుడు రోజూ అడుగుతున్నాడు, ఎప్పటికి నయమవుతుందని."

"ఎందుకడుగుతున్నాడో తెలుసా?" చంద్రభాగ కళ్లు ఎర్రబడ్డాయి. "కాలు వంగిన మర్నాడే నన్ను చెరకు తోటకి తోలుకొస్తానని కూలీల మేస్త్రీకి మాటిచ్చాడు. మోపు మోస్తూ పడితేనే ఈ మోకాలు చితికింది!"

శలాక కాగితం మీద బరబరా రాసి, ముద్ర గుద్ది, పైకి చదివింది: "జన్మలో బరువు మోయకూడదు."

"ఇది వాడి మొహాన కొట్టు. ఇప్పుడు వంచు."

చంద్రభాగ మోకాలు సులువుగా మడిచింది. ఇన్ని వారాలూ ఎవరూ చూడనప్పుడు తనే వంచుకుంటోంది.