అక్కడొక పేరు, ఇక్కడొక పేరు

ఆటోలో ఆ పాట మొదలవగానే రాజ్ కుమార్ బండి ఆపించి దిగిపోయాడు. కృపారాణి ఒక్కతే ఇంటికొచ్చింది. ఈమధ్య ఇది మామూలైపోయింది.

సినిమా వారం కూడా ఆడలేదు. పాట మాత్రం ఊళ్ళ మీద పడింది. పెళ్ళి బ్యాండుల్లో అదే, రీల్సులో అదే, బడి పిల్లల డాన్సుల్లో అదే.

"పుట్టిల్లు వదిలి ఎదురీదిన పిల్లా
అక్కడొక పేరు, ఇక్కడొక పేరు పిల్లా
ముద్దుముద్దుకీ ముల్లున్న పిల్లా
ఇవాళ్టికన్నా రేపింకా బాగుంటావే పిల్లా"

అంతవరకూ హుషారే. చిక్కంతా టీవీలో వచ్చింది. ఎవరండీ ఆ పిల్ల అని యాంకరమ్మ అడిగితే, పాట రాసిన యుగంధర్ కళ్ళు మూసుకున్నాడు. "ధవళేశ్వరంలో తగిలిందండి. ఈ జన్మకి మర్చిపోలేను" అన్నాడు.

ధవళేశ్వరం మొత్తం ఆ పిల్లని వెతకడానికి బయల్దేరింది. ఎంతోసేపు పట్టలేదు. కిందటేడు వరదలప్పుడు యుగంధర్ పాటలు రాసుకోవడానికొచ్చి, పెదబాబుగారి మేడ మీద కొన్నాళ్ళున్నాడు. పక్కిల్లు ఎవరిది? ఇరిగేషన్ ఆఫీసు క్లర్కు రాజ్ కుమార్‌ది. అతని పెళ్ళాం ఉప్పాడ పిల్ల. ఇంట్లోవాళ్ళని ఎదిరించి వచ్చేసింది. అక్కడ వీరవేణి. బాప్తిస్మం పుచ్చుకుని ఇక్కడ కృపారాణి అయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"ముల్లంటే నోరేగా. అదీ సరిపోయింది" అంది అత్తగారు దేవకుమారి. "మేడమీదాయనకి నువ్వేమన్నా ఇచ్చావేంటి?"

"మంచినీళ్ళండి అత్తయ్యగారూ. కరెంటు లేక వాళ్ళ మోటారు ఆడకపోతే, ఒక చెంబుడు."

"చెంబుడికే ఇంత పాటా?"

రాజ్ కుమార్ బాధ వేరు. ఫైళ్ళు చదివే అలవాటు కొద్దీ పాటని లైను లైనుగా చదివాడు. ఆఖరి లైను దగ్గర పట్టుకున్నాడు.

"రేపింకా బాగుంటావన్నాడంటే, మర్నాడు కూడా చూశాడన్నమాటేగా?"

"పక్కింట్లో ఉన్న మనిషి కళ్ళకి గంతలు కట్టుకుని తిరుగుతాడేంటండి?"

"ముద్దుముద్దుకీ అన్నాడు. ఒకటి కాదన్నమాట."

కృపారాణి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అతను అన్నం మానలేదుగానీ, మాట మానేశాడు. చర్చిలో ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునే ఏసమ్మ దూరంగా జరిగింది. జరిగిందేగానీ, ఆయన నిన్ను చూసినప్పుడు ఏ చీరలో ఉన్నావని అడగడం మాత్రం మానలేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కృపారాణి ఆ పాటని ఫోన్లో సన్నగా పెట్టుకునేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఆమెని పిల్లా అని పిలిచిన పాపాన పోలేదు. రేపింకా బాగుంటావు అన్నచోట అద్దంలోకి చూసుకునేది. ఈమధ్య కాటుక కూడా కాస్త చిక్కబడింది.

అంతలో రాజమండ్రిలో యుగంధర్‌కి సన్మానమని తెలిసింది.

"పద. ఆయన నోటితో కాదంటే సరే" అన్నాడు రాజ్ కుమార్. "అవునంటే అట్నుంచటే ఉప్పాడ బస్సెక్కు."

ఉప్పాడలో ఆమెకి తలుపు తీసేవాళ్ళు లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. కృపారాణి భయపడుతూనే తయారైంది. భయపడుతూనే ఉన్నవాటిలో మంచి చీర తీసి కట్టుకుంది.

సభలో వక్తలు రెచ్చిపోయారు. ఆ పిల్ల గోదావరి అన్నాడొకాయన. కాదు, తెలుగుదనం అన్నాడింకొకాయన. రిటైరైన లెక్చరరుగారు మైకు వదలకుండా, జీవాత్మ అని తేల్చేశారు. యుగంధర్ శాలువా కప్పుకుని అన్నిటికీ తలూపాడు.

సభ అయ్యాక రాజ్ కుమార్ సెల్ఫీల గుంపుని తోసుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"పాటలో పిల్ల మా ఆవిడేనని ఊరంతా అంటున్నారండి. అవునో కాదో మీరే చెప్పండి."

యుగంధర్ కృపారాణి వైపు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"నమస్కారం అమ్మా. మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి అనుకుంటాను."

రాజ్ కుమార్ మొహం నెల్లాళ్ళ తర్వాత విప్పారింది. హమ్మయ్య అనుకోవాల్సిన కృపారాణికి మాత్రం ఎక్కడో కాలింది. ఇచ్చిన మంచినీళ్ళు కూడా గుర్తులేవన్నమాట.

"మరి ఎవరండీ అది?" అంది, మొగుడికన్నా గట్టిగా.

యుగంధర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా డైరెక్టరుగారికి తెలియనివ్వకండమ్మా. సముద్రంలో ఇలస, గోదాట్లోకి ఎదురీదొస్తే ఇంకో పేరు. అది పెదబాబుగారింట్లో తిన్న పులస పులుసు."